బోర్లించిన గిన్నె కింద సూర్యుడు

"ఈసారి ఆయుధం ఏంటి సార్?"

సదాశివరావు టేబుల్ కింద నుంచి ఒక పొట్లం అందించాడు. ఢిల్లీ బేర్ సరాయ్‌లో పుస్తకాల షాపు పైనున్న మెస్ అది. చుట్టూ కోచింగ్ కుర్రాళ్లు రాజ్మా చావల్ తింటూ నోట్స్ తిరగేస్తున్నారు. ఏజెంట్ ఆమోసు ఒళ్లో పెట్టుకుని పొట్లం విప్పాడు. లోపల ఒక మెత్తటి గుడ్డ, ఒక స్ప్రే సీసా.

"పిస్టల్ ఏది?"

"గుడ్డే పిస్టల్. రోజూ పొద్దున్నే అద్దం తుడవాలి. అదే నీ కవర్."

ఆమోసు నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. పన్నెండేళ్ల సర్వీసు! మూడు భాషలు, రెండు పాస్‌పోర్టులు, చివరికి అద్దాలు తుడిచే ఉద్యోగం!

బాస్ గొంతు తగ్గించాడు. సాకేత్‌లో ఒక ఆఫీసు డాబా మీద రెండు పరికరాలున్నాయి. ఒకటి పైరనోమీటర్. బోర్లించిన గాజు చిప్పలా ఉంటుంది, ఎండ ఎంత పడుతోందో కొలుస్తుంది. రెండోది స్కై కెమెరా. ఆకాశం మొత్తాన్ని ఒకే ఫొటోలో పడుతుంది. ఆ రెండింటి డేటా చూసే సోలార్ కరెంటు ఎంతొస్తుందో గ్రిడ్ కంట్రోల్ రూమ్ లెక్క వేస్తుంది.

"వచ్చే నెల ఆఖరి శుక్రవారం పెద్ద ట్రయల్. మధ్యాహ్నం పన్నెండింటికి రిజర్వు థర్మల్ యూనిట్లు ఆపేసి సోలార్ మీద నడుపుతారు. గో సిగ్నల్ నేనే ఇవ్వాలి. ఆ డేటా పాడుచెయ్యాలని కోబాల్ట్ ముఠా చూస్తోంది. విదేశీ గ్యాంగ్. అబద్ధపు డేటా నమ్మి యూనిట్లు ఆపామా, ఢిల్లీ అంతా బ్లాకౌట్."

"అక్కడ మనవాళ్లెవరున్నారు?"

"వైశాలి. డేటా క్వాలిటీ కన్సల్టెంట్. 'ఆకాశం ఎలా ఉంది' అని అడుగు. 'ఇస్త్రీ చీరలా ఉంది' అంటుంది."

అన్నది కూడా. నల్ల కళ్లద్దాలు తలమీదికి తోసుకుని, ముత్యాల్లాంటి పళ్లు కనిపించేలా నవ్వి మరీ అన్నది. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు వచ్చు, కానీ మాట్లాడితే ముందు హిందీయే దొర్లుతుంది.

అక్కణ్నుంచి మొదలైంది ఆమోసు నరకం. మే నెల ఎండ, కాలిపోతున్న డాబా. గాజు మీద పావురాల రెట్ట. పరికరం కింద లెవెల్ బుడగ రోజూ ఓ పక్కకి జరిగి ఉంటుంది. కేబుల్ లూజు. రాత్రిళ్లు ఎండ సున్నా కంటే తక్కువట! ప్రతిదానికీ కంప్యూటర్లో ఫిర్యాదు టికెట్ పెట్టేవాడు. టికెట్ క్లోజ్డ్ అని జవాబు వచ్చేది. ఎవడు క్లోజ్ చేశాడో, ఏం చూసి చేశాడో ఆ దేవుడికే తెలియాలి. వాళ్లిచ్చిన స్ప్రే సీసాకి మూతి పూడుకుపోయి చుక్క రాలేది కాదు. దానికీ టికెట్ పెట్టాడు. అదీ క్లోజ్ చేశారు.

"రాత్రి మైనస్ ఏంటండీ?" అని వైశాలిని అడిగితే, "అరే, వో నార్మల్ హై. సెన్సర్ చల్లబడుతుంది కదా. టెన్షన్ మత్ లో," అని వెళ్లిపోయేది. తర్వాత కనుక్కుంటే ఆ ముక్క నిజమే. అందుకు ఇంకా ఒళ్లు మండింది.

ట్రయల్‌కి వారం ముందు హఠాత్తుగా అంతా బాగైపోయింది. డేటా సరిగ్గా ఉందని చెప్పే క్వాలిటీ ఫ్లాగులన్నీ పచ్చగా వెలిగాయి. బాస్ ఫోన్ చేసి శభాష్ అన్నాడు. ఏం చేశానని శభాష్? ఆమోసుకి అదీ అర్థం కాలేదు.

శుక్రవారం తెల్లారింది. డాబా మెట్లెక్కుతుంటే అక్క ప్రేమకుమారి ఫోన్. పసిపిల్లల ఐసీయూలో నర్సు.

"ఒరే చిన్నోడా, మా హాస్పిటల్ జనరేటర్ రిపేర్లో ఉందిరా. ఇంక్యుబేటర్ పెట్టెల్లో గుప్పెడంత పిల్లలున్నారు. ఇవాళ కరెంటు పోకుండా ప్రార్థన చెయ్యి నాన్నా."

"పోదులే అక్కా," అన్నాడు. కానీ కోబాల్ట్ జాడ ఈ రోజుకీ తెలియదు. ఇంతకాలం తను పీకిందేమిటి? అద్దం తుడవడం!

"ఛీ, నీ బతుకు చెడ!" అని గుడ్డ తీసి మూలకి విసిరేశాడు. మొదటిసారి గాజు తుడవలేదు. డాబా మీది కేబిన్లో కూర్చుని మధ్యాహ్నం దాకా వచ్చిపోయే ప్రతి మనిషినీ గమనించాడు. ఒక్కడూ అనుమానంగా లేడు.

పన్నెండుకి పావుగంట ఉందనగా మానిటర్ వైపు చూశాడు. పొద్దుటి నుంచీ ఎండ గీత నున్నగా పైకెక్కింది. ఏడింటి దగ్గర మాత్రం చిన్న గుంట.

ఆ గుంట అతనికి బాగా తెలుసు. గాజు తుడిచేటప్పుడు చెయ్యి నీడ పడి ఎండ తగ్గుతుంది. రోజూ అక్కడే వస్తుంది.

కానీ ఇవాళ తుడవలేదే!

ఒక్క ఉదుటున లేచాడు. పాత రోజుల డేటా అతికించి, నిజంలా కనిపించాలని తన చేతి నీడ కూడా అచ్చుగుద్దారు వెధవలు! కేబుల్ వెంట వేళ్లు పోనిచ్చాడు. గోడ మూలన, టేపు కింద, దొంగ డేటా పంపే అగ్గిపెట్టెంత డబ్బా తగిలింది.

తల ఎత్తితే పడమర దిక్కు ఇటుక రంగులో లేస్తోంది. ఆంధీ! దుమ్ము తుఫాను ఊరి మీదికి వస్తోంది. మానిటర్లో స్కై కెమెరా మాత్రం తేట నీలం ఆకాశం చూపిస్తోంది. దొంగకు దొంగ సాక్షి.

బాస్‌కి వీడియో కాల్ చేశాడు.

"సార్, ఆపండి! డేటా ఫేక్!"

"ఫ్లాగులన్నీ గ్రీన్ ఆమోసూ. వైశాలి సర్టిఫై చేసింది. ఇంకా రెండు నిమిషాలే ఉంది, విసిగించకు."

"మీ స్క్రీన్ మీద ఎండ గీత చూడండి సార్. ఒక్కసారి చూడండి!"

ఫోను గోడకి ఆనించి, టిఫిన్ క్యారియర్లోంచి గిన్నె తీశాడు. పప్పు కింద పారబోసి గిన్నెను గాజు మీద బోర్లించాడు.

"పీఛే హటో, ఆమోస్. వెనక్కి జరుగు."

మెట్ల దగ్గర వైశాలి. చేతిలో పిస్టల్. ఆమోసుకి అప్పుడు వెలిగింది, టికెట్లు క్లోజ్ చేసింది ఎవరో.

"నువ్వా! గుప్పెడంత పిల్లలున్నారే తల్లీ పెట్టెల్లో!"

"నాకు పని ముఖ్యం. గిన్నె తియ్."

చేతికి అందింది స్ప్రే సీసా ఒక్కటే. నెలంతా పీడించిన సీసా! కసిగా నొక్కాడు. ఇన్నాళ్లూ పూడుకున్న మూతి టప్పున ఊడి, స్పిరిట్ అంతా ఆమె కళ్లలో కొట్టింది. పిస్టల్ గాల్లోకి పేలింది. ఆమోసు ఆమె మణికట్టు విరిచి పట్టి, మూలనున్న గుడ్డతోనే చేతులు వెనక్కి కట్టేశాడు.

ఫోన్లోంచి బాస్ అరుపు వినబడింది. "గిన్నె కింద కూడా సూర్యుడు వెలుగుతున్నాడేంట్రా! ఆగండి! యూనిట్లు ఆపొద్దు, ట్రయల్ క్యాన్సిల్!"

ఫోన్లోనే కంట్రోల్ రూమ్ గడియారం పన్నెండు కొట్టింది. ఆ వెంటనే దుమ్ము విరుచుకుపడి పట్టపగలే చీకటైంది. ఊళ్లో ఉన్న సోలార్ అంతా పడిపోయింది. కింద ఆఫీసులో లైట్లు ఒక్కసారి రెపరెపలాడి నిలబడ్డాయి.

కాసేపటికి అక్క ఫోన్. "ఒక్కసారి మినుకుమందిరా, పోలేదు. ప్రభువుకి స్తోత్రం. నువ్వు ప్రార్థన చేశావు కదూ?"

"గిన్నె బోర్లించానక్కా," అన్నాడు. ఆమెకి అర్థం కాలేదు. కళ్లు తడిసింది దుమ్ము వల్లనే అనుకున్నాడు.

సాయంత్రం సదాశివరావు స్వయంగా డాబా ఎక్కి వచ్చాడు. వైశాలిని ఎప్పుడో తీసుకెళ్లిపోయారు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టావయ్యా," అని భుజం తట్టాడు. పతకమో, ప్రమోషనో, కనీసం పిస్టలో వస్తుందని ఆమోసు నిటారుగా నిలబడ్డాడు.

బాస్ వంగి, దుమ్ము పేరుకున్న గాజు మీద వేలితో గీత గీశాడు. మొహం చిట్లించాడు.

"అది సరే గానీ ఆమోసూ, పొద్దున దీన్ని ఎందుకు తుడవలేదు?"