ఐదో రూలు

"కొంటారా, లేక ఊరికే ఏడిపించి పోతారా?"

సోహెయ్ చేతిలోని కొయ్యబొమ్మ అప్పుడే 'కుయ్' మంది. వాడు అప్పటికే అరమీది బొమ్మల్లో సగానికి పైగా తలలు తిప్పేశాడు. కొట్టు వెనక గుమ్మంలో ఓ అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. జుట్టు నిండా చెక్కపొట్టు. బయట వాన.

"సారీ అండీ. చప్పుడు ఎలా ఉంటుందో విందామని."

"ఒకదాన్ని తిప్పితే తెలీలేదా?"

"ఒక్కోటీ ఒక్కోలా ఏడుస్తోందండీ."

"మీరలా మెడలు పట్టుకుంటే ఎవరైనా ఏడుస్తారు."

గొడుగు దులుపుకుంటున్న నాకు నవ్వాగలేదు. వాళ్ళిద్దరి కథలో నేను చూసిన మొదటి ఘట్టం అది. నలభై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఆ కొట్టు తలుచుకుంటే తడిసిన కర్ర వాసన ముక్కుకి తగులుతుంది.

నా పేరు హత్సుయే. అప్పట్లో సెందాయ్‌లో ఆడపిల్లల స్కూల్లో లెక్కల టీచర్ని. సోహెయ్ రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చేవాడు, నాకంటే ఆరేళ్ళు చిన్న, నన్ను అక్కా అనేవాడు. మమ్మల్ని కలిపింది కథల పిచ్చి. అంతరిక్షం కథలు, మాయల కథలు, దెయ్యాల కథలు. అలాంటి పిచ్చివాళ్ళందరూ ఏటా వేసవిలో ఒక ఊళ్ళో కలిసేవాళ్ళు. పోయినేడు వచ్చిన కథల్లో నచ్చినవాటికి ఓట్లేసి 'ధూమకేతు' అవార్డు ఇచ్చేవాళ్ళు. జడ్జీలు లేరు, ప్రొఫెసర్లు లేరు. చదివినవాడికి ఒక ఓటు, అంతే. ఇప్పుడు ఫోన్లో బొటనవేలితో నొక్కేస్తున్నారు. అప్పుడు ఓటు వేయాలంటే తపాలా బిళ్ళ నాకాలి.

ఏ ఊళ్ళో సభ జరిగితే ఆ ఊరి చేతిపనే ప్రైజు. ఓ ఏడు ఇనప కెటిల్, ఓ ఏడు గవ్వల గడియారం. ఆ ఏడు మా వంతు. కొండల్లో ఉన్న ఆ వేడినీటి బుగ్గల ఊరిని ఎంచుకున్నాం. అక్కడి కొయ్యబొమ్మల తల ఒంట్లోకి ఎంత బిగువుగా దిగుతుందంటే, తిప్పితే మూలుగుతుంది.

ఆ ఊరిని ఎంచుకుంది నిజానికి సోహెయ్. కారణం నుమాతా గెన్.

"ఆయన ఈ ఊరు వచ్చే ఉంటాడండీ," అన్నాడు ఆ అమ్మాయితో, క్షమాపణ సగంలో వదిలేసి. "లేకపోతే 'మూలుగు' అనే కథ రాయలేడు. ఇంట్లో ఎవరైనా అబద్ధం చెప్తే అరమీద బొమ్మ దానంతటదే కుయ్‌మంటుంది. అబ్బ, చదివాక వారం రోజులు అమ్మతో కూడా నిజమే చెప్పాను."

"ఎవరండీ ఆయన?"

"ఎవరికీ తెలీదు. ఓ చిన్న పత్రికలో ఒకే ఒక్క కథ. నా లెక్క ప్రకారం యాభై దాటి ఉంటాడు. పొడుగ్గా ఉంటాడు. భార్య పోయి ఉంటుంది. అంత దిగులు కుర్రవాళ్ళు రాయలేరు."

"పళ్ళయినా ఉన్నాయా పాపం?"

"వెక్కిరించకండి. ఈసారి హారర్‌లో నా ఓటు ఆయనకే."

ఆ అమ్మాయి తల వంచుకుని బొమ్మలు సర్దింది. చెవులు ఎర్రబడ్డాయి. కోపమనుకున్నాం.

మాకు తర్వాత తెలిసింది మీకు ముందే చెప్పేస్తాను. నుమాతా గెన్ ఆ అమ్మాయే. అసలు పేరు మిసావో, వయసు ఇరవై మూడు, పళ్ళన్నీ ఉన్నాయి. తండ్రి తోకుజీ ఆ ఊళ్ళో పేరున్న బొమ్మల మేస్త్రీ. ఆయన ఒక రోజులో మాట్లాడే మాటలు ఒక పోస్టుకార్డులో పట్టేస్తాయి. కూతురి రాతల సంగతి తెలిసి ఒక్కటే అన్నాడట. "నిన్ను ఎరగనివాళ్ళు ఆ కథని ఎంచుకుంటే, చలికాలమంతా కూచుని రాసుకో. లేకపోతే సత్రం వాళ్ళబ్బాయితో పెళ్ళిచూపులకి కూచో."

అంటే మా అవార్డు మీద ఆ పిల్ల బతుకు ఆధారపడి ఉందన్నమాట. మేమేమో ఆమె కొట్లోనే నిలబడి ప్రైజు బొమ్మలకి ఆర్డరిస్తున్నాం.

"విభాగానికొకటి చొప్పున అయిదు బొమ్మలు చేయగలరా?" అనడిగాను.

"ఆరు చేస్తాను. ఒకటి పగిలినా పనికొస్తుంది."

ఆ వేసవి సోహెయ్ వారం వారం రైలెక్కాడు. బొమ్మలు ఎంతవరకు వచ్చాయో చూడ్డానికట! చెట్టు నరికి ఎండబెట్టే దగ్గర్నుంచి చూడాలన్నట్టుంది వాడి శ్రద్ధ. ఆమె తిరుగుడు చక్రం మీద కొయ్య చెక్కుతుంటే వాడు ఎదురుగా కూచుని బార్లీ టీ తాగుతూ 'మూలుగు' కథ అప్పజెప్పేవాడు. మొత్తం కంఠతా వచ్చు. తన వాక్యాలు ఇంకొకరి నోటి నుంచి వింటుంటే ఉలి ఎటు పోతోందో తెలిసేది కాదని మిసావో తర్వాత నాతో చెప్పింది.

"ఒక్కటే లోపమండీ," అన్నాడొకసారి.

చక్రం ఆగింది. "ఏంటో?"

"చివర 'ఇల్లు మళ్ళీ నిశ్శబ్దమైంది' అన్నాడు. అక్కర్లేదు."

"అది లేకపోతే చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది."

"మీకు తెలుస్తుంది. అందరూ మీలా కంఠతా పట్టరు కదా!"

"మీరు ఆయన పక్షమా?"

"నేను ఎవరి పక్షమూ కాదు. టీ చల్లారిపోతోంది, తాగండి."

టీ చల్లారిపోయింది, వాదన చల్లారలేదు. వాడు ఆఖరి రైలుకి పరిగెత్తాక మిసావో తన ప్రతి తీసి ఆ వాక్యం కొట్టేసిందట.

ఇక సోహెయ్ చేసిన ఘనకార్యం చెప్పాలి. సభ కరపత్రం అచ్చువేసే పని వాడిది. చేతియంత్రం మీద, వేళ్ళకి సిరా పూసుకుంటూ వేశాడు. 'బొమ్మలు చేసినవారికి కృతజ్ఞతలు' అని చివర ఓ ముక్క రాస్తే సరిపోయేది. వాడికి అది చాల్లేదు. కమిటీ సభ్యుల వరసలో నా పేరు కింద, 'ప్రైజుల కార్యదర్శి: మిసావో' అని పెద్దక్షరాల్లో వేసి ఊరూరా పంచేశాడు.

"నన్ను అడగొద్దట్రా?" అన్నాను.

"కమిటీలో ఉంటే మధ్యాహ్నం డబ్బా భోజనం ఫ్రీ కదక్కా. అంత కష్టపడుతోంది." ముఖమంతా వెలిగిపోతోంది. మగపిల్లవాడు ప్రేమలో పడితే ముందు గిఫ్ట్ ఇస్తాడంటారు. మావాడు పదవి ఇచ్చాడు.

ఆగస్టులో సభ. ఊరంతా వాన, ఆవిరి. మావాళ్ళందరూ సత్రం వాళ్ళిచ్చిన నూలు యుకాతాలు కట్టుకుని, విసనకర్రలు పట్టుకుని, గ్రహాంతరవాసుల గురించి వాదించుకుంటూ మెట్ల మీద అడ్డంగా కూచున్నారు. రెండో రోజు పొద్దున వెనక గదిలో ఓట్ల పెట్టె తెరిచాం. నేను, సోహెయ్, మూలన బొమ్మలు తుడుస్తూ మిసావో.

పెట్టె తెరిచే ముందు అధ్యక్షురాలు, అంటే నేను, రూల్స్ పైకి చదవాలి. అది మా ఆనవాయితీ. చదివాను. "ఐదు. కమిటీ సభ్యులకీ, వారి ఇంట్లోవాళ్ళకీ అవార్డు ఇవ్వరాదు." ఆ రూలు రాసింది నేనే. ఓ ఏడు కోశాధికారి తమ్ముడు గెలిచి పెద్ద రభసైంది.

మూలన గుడ్డ చప్పుడు ఆగిపోయింది. నేను పట్టించుకోలేదు.

హారర్ లెక్క తేలేసరికి సోహెయ్ చాప మీద ఎగిరి గంతేశాడు. "నుమాతా గెన్! రెండో కథకి రెట్టింపు ఓట్లు! అక్కా, మనిషి రాకపోయినా ఫర్వాలేదు, ఆయన తరఫున నేను తీసుకుంటా."

"ఆ నుమాతా గెన్ నేనేనండీ," అంది మిసావో.

సోహెయ్ నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడ్డాడు. ఆమెని చూశాడు, బొమ్మల్ని చూశాడు. అప్పుడు నా చేతిలోని రూల్స్ కాగితం కేసి చూశాడు. ముఖంలో నెత్తురు లేదు.

"ఇంకో గంట ఆగితే గెలిచేదానివి కదమ్మా," అన్నాను. "ఎవరికీ తెలిసేది కాదు."

"మా నాన్న మాట గెలిపించుకోవాలని చాలా ఉంది టీచర్ గారూ. కానీ ఆ కథ రాసిన మనిషే ఇలా గెలిస్తే, ఇంట్లో ఉన్న నాలుగొందల బొమ్మలూ నన్ను నిద్రపోనిస్తాయా?" అప్పుడే తండ్రి పెట్టిన షరతు చెప్పింది.

"ఆ పేరు నేను వేశానక్కా!" సోహెయ్ అరిచాడు. "ఆవిడ అడగలేదు. కొట్టెయ్."

"ఆ బొమ్మలు చేసిందెవరు?"

"అయితే మాత్రం?"

"అయితే కమిటీయే. రూలు రూలే."

"నీకు గుండె ఉందా, సున్నా ఉందా?"

నాకు ఏడుపొచ్చింది. అయినా కొట్టెయ్యలేదు. ఇప్పుడడిగినా కొట్టెయ్యను. చదువరుల ఓటుకి విలువ ఎక్కడినుంచి వస్తుంది, ఇష్టమైనవాళ్ళ కోసం వంచకపోతేనే కదా! కానీ కాగితం మళ్ళీ మళ్ళీ చదివాను. ఇవ్వకూడదని ఉంది. చెప్పకూడదని ఎక్కడా లేదు.

మధ్యాహ్నం నిండు హాల్లో మైకు పట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పాను. "హారర్‌లో మీరు ఎంచుకున్న కథ 'మూలుగు'. రాసినావిడ ఇదిగో, మీ ప్రైజు బొమ్మలు చేసినావిడే. అందుకే ఇవ్వలేం. ఆ సంగతి ఆవిడే తనంతట తాను చెప్పింది. రూలు ప్రకారం అవార్డు రెండో కథకి."

ఎవరో విసనకర్రతో చాప మీద కొట్టారు. ఇంకొకరు కొట్టారు. హాలంతా దడదడలాడింది. మిసావో రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

రెండో కథ రాసిన అకాబోషి గారు టోక్యో నుంచి వచ్చిన పెద్ద రచయిత, పెద్ద పొట్ట. కార్యదర్శి హోదాలో బొమ్మ ఆయనకి అందించాల్సింది మిసావోయే. అందించింది. ఆయన తల తిప్పి చూశాడు. కుయ్‌మంది. "ఇది నాది కాదని దీనికీ తెలుసు," అన్నాడు మైకులో. "అయినా బొమ్మ బాగుంది, తిరిగివ్వను." అందరూ నవ్వారు, మిసావో కూడా.

వెనక తలుపు దగ్గర పని బట్టల్లో, నీళ్ళోడుతున్న గొడుగుతో తోకుజీ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. నన్ను పిలిచాడు.

"టీచరమ్మా. ఓట్లేసినవాళ్ళు మా పిల్లని ఎరుగుదురా?"

"రాసింది తనేనని ఒక్కరు కూడా ఎరగరండీ. ముసలాయన రాశాడనుకున్నారు."

"ఊఁ." నేరుగా సత్రం యజమాని దగ్గరికి వెళ్ళాడు. "పెళ్ళిచూపులు వద్దు."

"అదేంటి మేస్త్రీ, ప్రైజు రాలేదుగా?"

"నేను ప్రైజనలేదు. ఎంచుకుంటే అన్నాను."

ఆ రోజు పోస్టుకార్డు అక్కడితో నిండిపోయింది. కూతురి పక్కనుంచి వెళ్తూ ఆమె జుట్టులోంచి ఓ చెక్క తునక తీసి పారేశాడు. మిసావో అప్పుడు ఏడ్చింది, సత్రం వంటవాళ్ళు కూడా బయటికొచ్చి చూసేంతగా.

మర్నాడు పొద్దున బస్‌స్టాండ్. అందరూ మూటలు సర్దుకుంటున్నారు. నిన్నటి నుంచి నాతో మాట్లాడని సోహెయ్ తిన్నగా వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నేను కమిటీలోంచి తప్పుకుంటున్నా. ఇక ఎప్పటికీ."

నా గుండె జారింది. ఆ క్లబ్బే వాడి ప్రాణం. "ఇంత కోపమా నా మీద?"

"కోపం కాదు. ఐదో రూలు."

"అది మిసావో గొడవ కదరా. వచ్చే ఏడు సభ వేరే ఊళ్ళో. ఆమె పేరు కమిటీలో ఉండదు. హాయిగా గెలవచ్చు."

"రూలు పూర్తిగా చదువు."

"కమిటీ సభ్యులకీ, వారి ఇంట్లోవా..." ఆగిపోయాను.

మమ్మల్ని సాగనంపడానికొచ్చిన మిసావో నా పక్కనే ఉంది, చేతిలో మిగిలిపోయిన ఆరో బొమ్మతో.

"ఇంట్లోవాళ్ళా?" అంది. "ఎవరింట్లో?"

"అంటే... ముందు అడ్డం తొలగించుకుని తర్వాత అడుగుదామని..."

"నన్ను అడక్కుండా కమిటీలో వేశారు. ఇప్పుడు అడక్కుండా ఇంట్లో కూడా వేసేస్తారా?"

సోహెయ్ ముఖం బీట్‌రూట్ అయింది. నా బస్సు హారన్ కొట్టింది. నేను ఎక్కితే ఒట్టు.

"ముందొకటి చెప్పండి," అంది మిసావో. "మీ ఓటు కథకేశారా, నాకేశారా?"

"ఆ యాభై ఏళ్ళ ముసలాయనకేశాను."

ఆమె బొమ్మ తల తిప్పింది. కుయ్.

"అబద్ధమంటోంది."

"అది ఎవరు తిప్పినా అంటుంది కదండీ!"

"అలాగా? అయితే నేనూ ఒక మాట చెప్తాను." బొమ్మని వాడి చేతుల్లో పెట్టింది. కళ్ళు మాత్రం వాన కేసి. "మీరంటే నాకేం ఇష్టం లేదు. తిప్పి చూడండి."

కొట్లో అన్ని బొమ్మల మెడలు తిప్పినవాడు ఆ ఒక్కదాన్ని పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో! చివరికి తిప్పాడు.

అది గట్టిగా, పొడుగ్గా, బస్‌స్టాండంతా వినపడేలా మూలిగింది.

వాడి రాజీనామా నేను అక్కడికక్కడే ఆమోదించాను.