ముందు సీటు

నానబెట్టి పిండిన బొరుగులతో వేడివేడి ఉగ్గాని కలుపుతూ ప్రేమమ్మ రెండోసారి కేకేసింది.

"దీవెనా! ఆ బకెట్లో కాలు పెట్టుకోని ఎంతసేపు కూసుంటావే? సల్లారిపోతాది, వచ్చి తిను!"

"వస్తాండా మా. మడమ ఇంకా వాచే ఉంది."

"వాచకుండా ఎట్లుంటాది? పెండ్లీడు దాటిపాయె, నీకింకా పరుగులే!"

దీవెన నవ్వి ఊరుకుంది. సోడాల అంగడి నుంచి తెచ్చిన ఐసు కరిగి నీళ్ళయిపోయింది. జమ్మలమడుగులో పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. వీధిలో మైకు కట్టిన ఆటో ఒకటి ఓట్లడుగుతూ పోతోంది. మండల ఎన్నికలు మరి! ఊళ్ళో ఏ గోడ చూసినా గుర్తులే, ఏ అరుగు మీద చూసినా గుసగుసలే.

గుంతకల్లు రైల్వేలో ఉద్యోగం, పదిహేనువందల మీటర్ల పరుగులో దేశమంతా తెలిసిన పేరు. అలాంటి దీవెన నాలుగు రోజులుగా ఇంట్లో ఒక మాట చెప్పలేక సతమతమవుతోంది. పోయిన వారం కోచ్ పిలిచి నెమ్మదిగా చెప్పాడు. "దీవెనా, ఇక నువ్వు గెలిచే వయసు కాదు. మన ఈశ్వరమ్మ ఉందే, ఆ పిల్ల గెలవగలదు. కానీ ముందు ఎవరో ఒకరు వేగం పట్టిస్తేనే. ఆ ముందు పరిగెత్తేది నువ్వయితే?" అంటే మొదటి చుట్లన్నీ ఎదురుగాలి తను తట్టుకుని, చివర్లో పక్కకు తప్పుకోవాలి. గెలుపు ఈశ్వరమ్మది. దీవెన పేరు ఫలితాల్లో కూడా ఉండదు.

ఈశ్వరమ్మ పులివెందుల పక్క పల్లెలో మేకలు కాసే ఇంటి పిల్ల. బడి పోటీల్లో ఉత్త కాళ్ళతో పరిగెడుతుంటే చూసి గుంతకల్లుకు తీసుకుపోయింది దీవెనే. అయినా కోచ్‌కు సరేనని అనలేకపోయింది. ఇన్నేళ్ళూ గీత దాటడానికే పరిగెత్తిన మనిషి, దాటకుండా ఆగిపోవడమా? ఇవాళే బస్సెక్కి పోయి జవాబు చెప్పాలి. సంచి సర్దుకుంది గానీ మనసింకా సర్దుకోలేదు.

అప్పుడే అన్న ఆనందరావు ధడాల్న తలుపు తోసుకుని వచ్చాడు. ఇస్త్రీ తెల్లచొక్కా, మెళ్ళో పార్టీ కండువా.

"పాపా, బిరబిరా తయారుగా. పట్టుచీర కట్టుకో. జీపొస్తాంది."

"యాడికన్నా?"

"మండలాఫీసుకు. ఈ పొద్దే నామినేషను. మన సీటు ఆడోళ్ళకు వచ్చింది గదా? పార్టీ పెద్దాయన నీ పేరే అన్యాడు. పేపర్లో ఫోటో పడిన పిల్ల, ఎవురు ఓటెయ్యరు? గెలిస్తే మండలాధ్యక్షురాలివి!"

అబద్ధమెందుకు, ఆ పిలుపు తియ్యగానే ఉంది. అక్కడ పక్కకు తప్పుకోమంటున్నారు, ఇక్కడ ముందుకు రమ్మంటున్నారు.

"నా ఉద్యోగం?"

"రాజీనామా రాయి. ఎట్లా పరుగు అయిపోవస్తాంది గదా. ఇంకా గెలుస్తావా ఏంది?"

"లేదు," అంది దీవెన. నాలుగు రోజులు దాచుకున్న మాట అంత తేలిగ్గా బయటికొచ్చేసింది. "ఇంగ గెలవను. ఈశ్వరమ్మకు ముందు పరిగెత్తి దారి చూపమంటాండారు. చివర్లో తప్పుకోవాల."

ఆనందరావు పకపకా నవ్వాడు. "ఓడిపొయ్యేదానికి అంత దూరం పోవాల్నా? ఊర్లోనే కూసోని ఓడిపోరాదూ?"

"నోరు మూయరా!" ప్రేమమ్మ గరిటె ఝళిపించింది.

"నువ్వు గమ్మునుండు మా. నేను మాటిచ్చినా."

"నన్నడగకుండా నా మాట నువ్వెట్ల ఇస్తావన్నా?"

ఆనందరావు మొహంలో నవ్వు చప్పున ఆరిపోయింది. గొంతు తగ్గించాడు. "పోయిన నెల ప్రొద్దుటూర్లో అవతల పార్టీవోళ్ళు ఇద్దరు నా ఎంటబడినారు పాపా. బస్టాండు జనంలో దూరి బయటపడినా. మీకు చెప్పల్యా. మొగోడు ముందు కనపడితే కాపు కాసి బాంబులేస్తారు. ఆడమనిషి ముందుంటే చెయ్యెత్తరు. నువ్వు ముందుంటే మనింటికి కాపలా, నాకు ధైర్యం. పనంతా నేను చూసుకుంటా. నువ్వు ఉత్త సంతకం పెడ్తే సాలు."

వసారాలో మంచం మీద కూర్చున్న తండ్రి కృపానందం ఇదంతా వింటూనే ఉన్నాడు. మోకాలి కింద లేని ఎడమ కాలిని చేత్తో రుద్దుకుంటున్నాడు.

బయట హారన్ మోగింది.

డ్రైవరు అమీర్ బాషా జీపు దిగి, నిమ్మకాయలు కట్టిన బంపరు తుడుస్తూ నవ్వాడు. "రా అక్కా! రైల్వే బండి కాదు గానీ, మా బండి గూడా బాగనే ఉరుకుతాది!" వెనక సీట్లలో నలుగురు మగవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. డ్రైవరు పక్క సీటు మాత్రం ఖాళీ. దాని మీద కొత్త తువ్వాలు పరిచి, బంతిపూల దండ పెట్టారు.

"ముందు కూసో పాపా," అన్నాడు ఆనందరావు. "అందరికీ కనపడల్ల."

దీవెన కాళ్ళు గడపలోనే ఆగిపోయాయి.

ఆ సీటు ఆమెకు తెలుసు.

ముఠా కక్షలు ముదిరిన ఆ రోజుల్లో పార్టీ మగవాళ్ళు ఊరు దాటాలంటే జీపులో ముందు ఒక ఆడమనిషినో పసిబిడ్డనో కూర్చోబెట్టుకునేవాళ్ళు. ఆడవాళ్ళు కనపడితే ఎదుటివాళ్ళు బాంబు వెయ్యరని అందరికీ గట్టి నమ్మకం. ఒకనాడు ముద్దనూరు దోవలో పన్నెండేళ్ళ దీవెన అలాగే ముందు కూర్చుంది, ఒళ్ళో బొరుగుల పొట్లంతో. కృపానందం వెనక కూర్చున్నాడు. బాంబులు పడనే పడ్డాయి. పక్కనున్న డ్రైవరు అక్కడికక్కడే పోయాడు. పొగలోంచి దీవెన లేచి, ఊరిదాకా ఆగకుండా పరిగెత్తి మనుషుల్ని తెచ్చింది. కాలు పోయినా కృపానందం బతికాడు. ప్రతి క్రిస్మస్‌కూ చర్చిలో లేచి సాక్ష్యం చెప్తాడు, నా బిడ్డ పరుగే నన్ను బతికించింది అని. ఆ బిడ్డ ఏ సీట్లో కూర్చుందో ఏ క్రిస్మస్‌కూ చెప్పలేదు.

ప్రేమమ్మ చేతిలో గరిటెతోనే వాకిట్లోకి వచ్చింది. దండను చూసింది. మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, చూస్తాండావా? ఆ పొద్దు నువ్వు కూసోబెట్టినావు. ఈ పొద్దు నీ కొడుకు కూసోబెడ్తాండాడు. ఆడబిడ్డను కంటిమా, జీపుకు కట్టే నిమ్మకాయను కంటిమా?"

బాషా తుడుస్తున్న గుడ్డ చేతిలోనే ఆగిపోయింది.

"అమ్మా, అప్పటి మాట ఇప్పుడెందుకు..."

"అన్నా," అంది దీవెన. "ఈశ్వరమ్మ ముందు నేను ఉరికితే గాలి నా మొగానికి తగుల్తాది. అది నేను ఒప్పుకుంటే తగుల్తాది. యాడ తప్పుకోవాల్నో నాకు ముందే తెలుసు. ఈడ ఎవురు చెప్తారన్నా, నేనెప్పుడు తప్పుకోవాల్నో?"

ఆనందరావు మెళ్ళో కండువా సర్దుకున్నాడు.

కర్ర చప్పుడు వినిపించింది. కృపానందం మంచం దిగాడు. ఒక్కో అడుగూ వేసుకుంటూ కొడుకును దాటి, కూతుర్ని దాటి, జీపు దగ్గరికి పోయాడు. దండ తీసి బానెట్టు మీద పెట్టాడు. సీటు కమ్మీ పట్టుకుని పైకెక్కబోతే కర్ర జారింది. బాషా పరిగెత్తుకొచ్చి భుజం పట్టాడు.

"యాడికి మామా? అది పాపకు..."

"నాకు తెలుసులేప్పా అది ఎవురికో." కృపానందం రొప్పుతూ ఆ తువ్వాలు మీద కూర్చున్నాడు. "పా, పెద్దాయన కాడికి. నా బిడ్డ రాదని నేనే చెప్తా. నా కొడుకు గూడా ఇంగ రాడని చెప్తా. ఆయన కోసరం ఒక కాలిచ్చినోన్ని, ఇంతవరకు ఒక్క మాట అడగల్యా. ఈ పొద్దు అడుగుతా."

"ఆయన ఇనకపోతే నాయనా?" ఆనందరావు పసివాడిలా జీపు కమ్మీ పట్టుకున్నాడు.

"ఇనేవరకు ఆడ్నే కూసుంటా. నువ్వు పాప ఎంబడి గుంతకల్లుకు పో. ఓట్లయిపోయిందాకా ఈ దిక్కు రావొద్దు." అని కూతురి వైపు చూశాడు. "ఈ సీట్లో ఆ పొద్దే నేను కూసోవాల్సింది తల్లీ."

దీవెన పరిగెత్తింది. వాచిన మడమతో, నాలుగంటే నాలుగడుగులే, జీపు దాకా. తండ్రి చేతిని కళ్ళకద్దుకుని ఏడ్చేసింది. ఇన్నేళ్ళుగా వినాలనుకున్న మాట అదేనని ఆమెకు అప్పుడే తెలిసింది.

"నాయనా, నేను పొయ్యేది గెలిచేదానికి కాదు."

"ఇన్యాలేమ్మా. ఆ మేకలోళ్ళ పిల్ల ఎనక భయపడకుండా ఉరకల్ల, అంతే గదా? పోయి ఉరుకు."

జీపు మెల్లగా మలుపు తిరిగింది. దండ బానెట్టు మీంచి జారి మట్టిలో పడింది. ఆనందరావు మెళ్ళో కండువా తీసి, అరుగు మీద పెట్టి, లోపలికి పోయి చెల్లెలి సంచి భుజాన వేసుకుని వచ్చాడు.

"పా పాపా, బస్సు టయిమైతాంది. మడమ నొప్పి గదా, మెల్లగా నడుద్దాం."

"ఉగ్గాని తిని పోండిరా!" కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ అరిచింది ప్రేమమ్మ. "మీ నాయన వాటా మూతేసి పెడ్తా. సల్లారినా తినాల్సిందే, నిదానంగా వచ్చి తింటాడు."