అన్ని పేజీల్లో పడిన మాట

"గొడుగుకో పేజీ కావాలి," అన్నాను. "ఎన్ని రకాలుంటే అన్ని. దేనికది విడిగా రాయండి."

మూయున్ కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది. వెబ్‌సైట్ తయారుచేయడానికి మా గొడుగుల కొట్టుకు వచ్చిన మొదటిరోజే ఆమెను అలసిపోయేలా చేసిన ఘనత నాది.

"ఓనర్ గారూ, మీరు ప్రతి గొడుగుకీ కొత్తగా చట్రం కనిపెడతారా?"

"ఎందుకు? చట్రం ఒకటే. గుడ్డ మారుతుంది."

"నేను చేసేదీ అదే. ఫోటో, పేరు, ధర పట్టే డబ్బా ఒకటి చేస్తాను. కాంపోనెంట్ అంటాం. పైన షాపు పేరుకి ఇంకోటి, అడుగున నోటీసుకి మరోటి. ప్రతి పేజీ వాటినే తెచ్చుకుంటుంది. ఒక్కచోట దిద్దితే అన్నిచోట్లా మారుతుంది."

బేరం కుదిరింది. తక్కువ శ్రమతో ఎక్కువ సరుకు తీసే మనిషంటే వ్యాపారికి గౌరవం. ఆ గౌరవం తర్వాత ఏ ఖాతాలోకి పోయిందో నాకు లెక్క తేలలేదు.

తైవాన్‌లో మా ఊరు కీలుంగ్‌లో వాన ఆగదు. మాకది లాభమే. కానీ చలికాలమంతా తడిగుడ్డల వాసన పీలుస్తూ కూర్చుంటే లాభం కూడా విసుగు పుట్టిస్తుంది. ఆమె వచ్చిన రోజుల్లో మాత్రం చేపల ఉండల సూప్ రెండు గిన్నెలు తెప్పించేవాణ్ణి. ఒక చేత్తో తాగుతూ, ఒక చేత్తో టైపు చేస్తూ, మధ్యలో తలెత్తి చూసేది. నేను గబుక్కున గొడుగులు లెక్కపెట్టేవాణ్ణి.

"ఆ కట్ట ఇందాకే లెక్కపెట్టారు," అనేది.

సైట్ పూర్తయ్యేసరికి ఆమెకు షించూలో కంపెనీ ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఆ మాట చెప్పినప్పుడు ఆమె గొంతులో సంతోషం కన్నా అలసటే ఎక్కువ వినిపించింది. నాకు అలా వినాలని ఉందేమో.

మా ఊళ్లో ఇష్టమైనవాళ్లకు గొడుగు ఇవ్వరు. ఇస్తే విడిపోతారంటారు. నా దగ్గరున్న సరుకు అదొక్కటే. నోటితో చెప్పే ధైర్యమూ లేదు. పని సరిచూసుకోవడానికి ఆమె ఒక్కతే తెరిచే పరీక్ష పేజీ ఒకటుంది. దాని అడుగున నోటీసు తెరిచి రాశాను: "మూయున్, వెళ్లకు. నువ్వు లేకపోతే ఈ వాన భరించలేను."

సేవ్ చేసి టీ పెట్టుకున్నాను. నీళ్లు మరగకముందే ఫోన్ మోగింది. అమ్మ తీసింది.

"తైచుంగ్ నుంచి ఎవరో ఆవిడరా. మడత గొడుగు కావాలట. ఇంతకీ మూయున్ ఉందా, వెళ్లిపోయిందా అని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?"

అప్పుడు వెలిగింది. నోటీసు కూడా చట్రమే. నేను దిద్దింది ఒక పేజీని కాదు, కొట్టునంతటినీ.

సాయంత్రం కాకుండానే మూయున్ తడిసిపోయి వచ్చింది.

"పిల్లల గొడుగుల కింద కూడా నా పేరుంది, ఓనర్ గారూ."

"పొరపాటైంది. తీసేయండి."

"తీసేయడం నిమిషం పని. పొరపాటు ఏది? చోటా, మాటా?"

వ్యాపారి అడగ్గానే అసలు ధర చెప్పడు. ఆవేళ నాకు బేరమాడే ఓపిక లేదు.

"చోటు," అన్నాను. "మాట నిజమే."

ఆమె కుర్చీలో కూలబడింది. "ఉద్యోగం మానను. చాలా కష్టపడి తెచ్చుకున్నాను. ఇక సెలవంటారా, ఆదివారం ఒక్కటే. బస్సెక్కి ఇక్కడిదాకా వచ్చే ఓపిక నాకుండదు."

"నేనొస్తాను."

"ఆదివారం మీకు బేరాలు ఎక్కువ కదా."

"అన్ని రోజులకన్నా ఎక్కువ," అంది అమ్మ లోపలినుంచి.

మనసులో కూడి చూశాను, తీసి చూశాను. ఎటునుంచి చూసినా నష్టమే తేలింది.

"మూసేస్తాను," అన్నాను.

అమ్మ గుమ్మం దాకా వచ్చింది.

"ముందు ఆ పిల్లకి తువ్వాలు ఇవ్వు," అంది అమ్మ. "తర్వాత మూద్దువుగాని."

మూయున్ తల తుడుచుకుని నోటీసు తెరిచింది. నా మాటలు చెరిపి, 'ఆదివారాలు కొట్టు తెరవం' అని రాసింది. సేవ్ మీద వేలు పెట్టి ఆగింది.

"ఇంకా ఆలోచించుకోవచ్చు. నొక్కితే అన్ని పేజీల్లోనూ పడుతుంది."

"పడనీ," అన్నాను.