సర్దార్ సదయ్యను పట్టిన బాత్రూం

గోదావరిఖనిలో మా గని కార్మికుల క్వార్టర్ల లైన్‌లో చివరి ఇంటి బాత్రూంకు మంచి పేరు లేదు. చలికాలం రాత్రి అందులో స్నానానికి వెళ్తే... ఎవరో గుండెల మీద కూర్చుంటారట. ఒకాయనకు చెవిలో ఈల వినిపించింది. ఇంకొకావిడకు ఆవిరిలో ముసలమ్మ కనిపించింది — ముందు తన అత్తే అనుకుని ఇంకా భయపడిందట. ఇద్దరూ క్వార్టర్ మార్చుకుని పోయారు.

తర్వాత అది సదయ్యకు వచ్చింది.

సదయ్య మైనింగ్ సర్దార్. బాయిలో, అంటే బొగ్గు గనిలో, విషవాయువు ఉందో లేదో ముందు వెళ్లి చూసేది అతనే. అతను "రండ్రి" అంటేనే ఇరవైమంది లోపలికి అడుగేస్తారు. ఆ నమ్మకమే అతని బతుకు. దెయ్యాలంటే నవ్వుతాడు.

"నన్ను పట్టాలంటే అది ముందుగాల నా పర్మిషన్ అడగాలె," అనేవాడు.

"అడుగుతది తియ్యి, దరఖాస్తు పెట్టుకుంటది," అనేది భార్య సారక్క. ఇదంతా ఆమె నాకు చెప్పిందే.

మొన్న జనవరిలో సదయ్య సెకండ్ షిఫ్టు దిగి అర్ధరాత్రి ఇల్లు చేరాడు. ఒళ్లంతా బొగ్గు. బాత్రూంలో గ్యాస్ గీజర్ తిప్పి, గడియ పెట్టుకున్నాడు.

పది నిమిషాలు... పదిహేను...

నీళ్ల చప్పుడు వస్తోంది. మనిషి చప్పుడు లేదు.

"ఏమయ్యా?" అని పిలిచింది సారక్క.

కాసేపటికి లోపల్నుంచి సన్నగా —

"ఎవరో... మీద... కూసున్నరే..."

దబ్బున ఏదో పడింది.

సారక్క రోకలి ఎత్తి గడియ ఊడేదాకా తలుపు బాదింది. సబ్బు నురగతో ఉన్న మొగుణ్ని రెండు కాళ్లూ పట్టి వాకిట్లోకి ఈడ్చింది. టవల్ సంగతి తర్వాత.

చల్లగాలికి కళ్లు తెరిచాడు. సదయ్య తల్లి పూలమ్మ దెయ్యం దిగాలని నిమ్మకాయలు కోసింది. సారక్క ఆటోను పిలిచింది.

దవాఖానలో తెల్లవారేదాకా ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు సారక్కను పక్కకు పిలిచి రెండు ప్రశ్నలడిగాడు. మొగుడితో ఇంటికొస్తూ ఆమె గీజర్ మెకానిక్ అబ్దుల్ వహాబ్‌ను వెంటబెట్టుకొచ్చింది.

వహాబ్ గీజర్ మూత విప్పాడు. బర్నర్ నిండా మసి, తుప్పు, సాలెగూడు. తలెత్తి చూశాడు. వెంటిలేటర్‌లో సిమెంటు సంచి కుక్కి ఉంది.

"గిదేంది?"

"బొగ్గు దుమ్ము రాకుండ... లైన్‌ల అందరం పెడ్తం," అన్నాడు సదయ్య.

"గీజర్ సాఫ్ చేయించి ఎన్నేండ్లయింది?"

"సాఫ్... చేయించాల్నా? నీళ్లు మంచిగనే కాగుతున్నయ్ గదా."

వహాబ్ సంచి పీకి కింద పడేశాడు. "మంట సక్కగ మండక విషగాలి లేచింది. పోనీకి తొవ్వ లేదు. నీ ఛాతి మీద కూసున్నది గదే. ఏడాదికోసారి సాఫ్ చేయించాలె. గీజర్‌ను బయటి గోడకు పెట్టాలె." సదయ్య వైపు తిరిగాడు. "అన్నా... బాయిల గ్యాస్ చూసేది నువ్వే గదా?"

సదయ్య వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"భాయ్, నీకు దండం పెడ్త. ఇంట్ల గ్యాస్‌నే పసిగట్టలేదని తెలిస్తే... రేపు నేను రమ్మంటే ఎవడొస్తడు? దెయ్యమే అని చెప్పుదాం..."

అప్పటికే వాకిట్లో లైనంతా చేరింది.

"సారక్కా, ఏందట?"

సారక్క మొగుడి వైపు ఒక్క చూపు చూసి, కొంగు బిగించి బయటికొచ్చింది.

"దెయ్యమే! వెంటిలేటర్లకు సంచులు కుక్కినోళ్ల ఇండ్లల్లకే వస్తదట. గీజర్ సాఫ్ చేయించకుంటే అస్సలే ఇడువదట. జల్ది పోయి సంచులు పీకుండ్రి!"

"నీకెట్ల ఎరుకనే దాని సంగతి?"

"ఎరుక లేకేం? ఇరవై రెండేండ్ల సంది దాంతోనే కాపురం చేస్తున్న."