కజుమోరి తాతకు రాసిన అబద్ధం

బడి నుంచి రాగానే నిలోఫర్ బ్యాగ్ సోఫాలో పడేసి, అమ్మీ ఫోను అందుకుంది.

కజుమోరి తాత అంటే ఆమెకు ప్రాణం. ఆయన ఒకప్పుడు జపాన్‌లో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు. రిటైరై ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు రోజూ పెరట్లో నిలబడి, దూరంగా ఉన్న రేకుడబ్బాను బంతితో పడగొట్టే వీడియో పెడతాడు. కోటి మంది చూస్తారు. నిలోఫర్ ముప్పై కామెంట్లు రాసినా ఒక్కదానికీ జవాబు రాలేదు.

అందుకే మొన్న ఇంగ్లీషులో ఇంకోలా రాసింది. "మేం కువైట్‌లో ఉంటాం. మా తమ్ముడు అసిఫ్‌కి కాలు విరిగింది. మీ వీడియోలు చూసినప్పుడే నవ్వుతున్నాడు."

ఇవాళ ఫోను తెరిస్తే కొత్త వీడియో! తాత ఓ కాగితం చూసుకుంటూ, "కువైట్‌లో ఉన్న అసిఫ్ కోసం" అన్నాడు. నడుం వంచి నమస్కరించాడు. బంతి తన్నాడు. డబ్బా ఠంగున ఎగిరిపడింది. కింద వేలమంది అసిఫ్‌ని దీవిస్తున్నారు.

నిలోఫర్ ఎగిరి గంతేసి, ఆ వీడియోను పక్క బిల్డింగ్‌లో ఉండే తన క్లాస్‌మేట్ వెంకటేశ్వరికి పంపింది.

మర్నాటికి క్లాసంతా తెలిసిపోయింది. "పాపం, నొప్పిగా ఉందా?" అని అందరూ అడిగారు. నిలోఫర్ అవునని తలూపింది.

ఆ సాయంత్రం కాలింగ్ బెల్ మోగింది. అసిఫ్ పరుగున వెళ్లి తలుపు తీశాడు. నిలోఫర్ వాళ్ల క్లాస్ టీచర్ చంద్రావతి! చేతిలో "త్వరగా కోలుకో" అని రాసిన పెద్ద కార్డు.

"నువ్వు... అసిఫ్‌వి కదూ?"

"అవును టీచర్."

"కాలెట్లుంది నాయనా?"

"ఏ కాలు టీచర్?"

వంటింట్లోంచి వచ్చిన జమీలా బీ అంతా విని కూతురి వైపు చూసింది. నిలోఫర్ తల దించుకుంది.

"తాత నాకు జవాబిస్తాడని..." అంది.

టీచర్ తిట్టలేదు. కార్డు బల్లమీద పెట్టింది. "పిల్లలు ఆటల పీరియడ్ మానుకొని చేసినారమ్మా. వెంకటేశ్వరి అయితే ఏడ్చింది" అని చెప్పి వెళ్లిపోయింది.

అసిఫ్‌కి ఇదేమీ పట్టలేదు. వీడియో మళ్లీ మళ్లీ పెట్టుకుంటూ అక్కతో అన్నాడు. "ఆపా, తాత నాకోసం వంగినాడు! నా కాలు బాగుందని తెలిస్తే ఎంత సంతోషపడతాడో కదా?"

నిలోఫర్‌కి ఏడుపు ముంచుకొచ్చింది. కళ్లు తుడుచుకొని ఫోను తీసుకుంది. ఆ వీడియో కిందే రాసింది. "అసిఫ్ కాలు విరగలేదు. మీరు నన్ను చూడాలని అబద్ధం రాశాను. క్షమించండి తాతా."

జమీలా బీ ఆమె భుజం మీదుగా చదివింది. "అందరూ చూస్తారు బేటా. తిట్టేవాళ్లు తిడతారు."

"తిట్టనీ అమ్మీ."

బటన్ నొక్కింది. ఫోను అమ్మీ చేతిలో పెట్టి, చెప్పులేసుకుంది.

"ఈ యాళప్పుడు యాడికే?"

"వెంకటేశ్వరి వాళ్లింటికి. దానికి నేనే చెప్పాల."

గడప దాటి, వెనక్కి తిరిగి తమ్ముడి చేయి పట్టుకుంది. "నువ్వూ రారా. దాని ముందర నాలుగు గంతులెయ్యి. నీకేం కాలేదని కళ్లారా చూస్తే గానీ దాని మనసు కుదుటపడదు."