నల్లరంగు బెల్లం

పొద్దున్నే షెడ్డులోకి వెళ్లి ప్రసన్నలక్ష్మి బెల్లం డబ్బా మూత తీసింది. నిన్న నున్నగా ఉన్న దిమ్మకి ఓ మూల విరిగి ఉంది. ఇనప ముక్కలతో కలిపి నీళ్లలో పులియబెడితే కలంకారీ అద్దకానికి నల్లరంగునిచ్చే బెల్లం అది. షుగరున్న మనిషి ఇంట్లో ఉన్నాడని వంటింట్లో బెల్లం పెట్టడం ఎప్పుడో మానేసింది.

"ఏమండీ! మళ్లీ తిన్నారా?"

వరండాలో ప్లాస్టిక్ కుర్చీ నిండా కూర్చున్న నాంచారయ్య వీధిలోకి చూస్తూనే ఉన్నాడు.

"మిమ్మల్నే! నాలుగు మెతుకులు తగ్గించమని నేను బతిమాలుతుంటే, మీరు రంగులో వేసే బెల్లం తింటారా?"

కొడుకు ఉమాశంకర్ పళ్లు తోముకుంటూనే వచ్చాడు. "మందులు వేసుకుంటున్నావు, రాత్రిళ్లు రొట్టెలే తింటున్నావు, అయినా షుగరెందుకు దిగట్లేదా అనుకుంటున్నాను నాన్నా. ఇదన్నమాట సంగతి!"

"అనుకోండి," అన్నాడు నాంచారయ్య.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాడైనా నయం. ఈయన అదీ చెయ్యలేదు. ఈమధ్య ఆయనకి కోపమూ రాదు, నవ్వూ రాదు. ప్రసన్నలక్ష్మి డబ్బాకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

ఒకప్పుడు ఆ మనిషి గుడ్డ మీద చెక్క అచ్చు పెట్టి పిడికిలితో గుద్దితే పక్క వీధికి వినిపించేది. పొద్దస్తమానం నిలబడి, బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ అద్దేవాడు. షుగరని తెలిసిన రోజే ఆమె ఆయన చేతిలోంచి అచ్చు లాక్కుంది. దానికి కారణం ఉంది. ఆమె తండ్రి అద్దకం వేస్తూ వేస్తూనే గుండె ఆగి బల్ల మీద పడిపోయాడు. పెరట్లో గిన్నెలు తోముతున్న ఆమెకి ఒక గుద్దు వినిపించింది, రెండోది వినిపించలేదు.

"మీరు కూర్చోండి, అంతే," అంది మొగుడితో. ఆ రోజు నుంచి కాలు కింద పెట్టనివ్వలేదు. అన్నం కుర్చీలోకే, మంచినీళ్లు కుర్చీలోకే. లేవాలంటే చెయ్యి అందించేది. మొగుణ్ని చూసుకోవడం ప్రసన్నని చూసి నేర్చుకోవాలని పెడన ఆడవాళ్లు అనేవారు. ఆ మాట ఆమెకీ బాగానే ఉండేది.

ఆ ఉదయమే ముగ్గురూ ఆటోలో బందరు ఆస్పత్రికి వెళ్లారు. డాక్టరమ్మ కాగితాలు చూసేలోపే ప్రసన్నలక్ష్మి బెల్లం దొంగతనమంతా ఏకరువు పెట్టింది. డాక్టరమ్మ వింటూనే నాంచారయ్య వైపు తిరిగింది.

"చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవండి, చూద్దాం."

ఆయన ముందుకి వంగాడు. మళ్లీ వెనక్కి పడ్డాడు. ప్రసన్నలక్ష్మి అలవాటుగా చెయ్యి చాపింది.

"మీరు పట్టుకోకండమ్మా," అంది డాక్టరమ్మ. ఆయన తొడ మీద వేలితో నొక్కి చూపించింది. "మనం తిన్న చక్కెరని ఎక్కువగా ఖర్చుపెట్టేది కండ. పని లేక ఈయన కండ కరిగింది. మిగిలిన దాంట్లో కొవ్వు చేరింది. దాంతో లోపల సన్నటి వాపు పుడుతుంది, పైకి కనిపించదు. అలాంటి కండ ఇన్సులిన్ మాట వినదు. ఇక చక్కెర ఎక్కడికి పోతుంది, రక్తంలోనే తిరుగుతుంది. ఒక్క బెల్లం ముక్క మీద నెడితే ఎలా?"

"మరి ఆయన గుండె?"

"గుండె బాగానే ఉంది. మందులు ఆపొద్దు. కొద్దికొద్దిగా నిలబడనివ్వండి, పని చెయ్యనివ్వండి. అసలు ఈయన్ని ఇంతకాలం కూర్చోబెట్టిందెవరు?"

ఉమాశంకర్ తల్లి వైపు చూశాడు.

తిరిగొస్తుంటే ప్రసన్నలక్ష్మికి ఏడుపు రావాలి, రాలేదు. ఒళ్లంతా తిమ్మిరెక్కినట్టుంది. ఆటో ఎక్కడ ఆగిందో, ఎవరు దిగారో ఆమెకి తెలియలేదు. ఇల్లు చేరాక నాంచారయ్య వెళ్లి మళ్లీ ఆ కుర్చీలోనే కూలబడ్డాడు.

"విన్నావుగా అమ్మా," అన్నాడు ఉమాశంకర్. "నాన్నని కాస్త తిరగనివ్వమంటే, నా నోరు మూయించావు."

"నువ్వు మాత్రం? 'నాన్న బల్ల దగ్గరుంటే పని సాగట్లేదు, కూర్చోబెట్టడమే మంచిది' అన్నదెవరురా?"

ఆమె మొగుడి వైపు తిరిగింది. "మీరైనా చెప్పొచ్చుగా, కూర్చోలేకపోతున్నానని! నోరుంది బెల్లం తినడానికేనా?"

"నేను తినలేదు ప్రసన్నా."

"మరి?"

"మీరు కలిపే నల్లరంగు సరిగ్గా పులవట్లేదు. మీరు లేవకముందే గోడ పట్టుకుని వెళ్లి, ఇంత బెల్లం వేసి కలిపి వచ్చేవాణ్ని."

"పొద్దున అన్నేసి మాటలంటుంటే ఈ ముక్క చెప్పొచ్చు కదండీ!"

"చెబితే షెడ్డుకి కూడా తాళం వేస్తావు కదా."

రేపు వానొస్తుందేమో అన్నంత మామూలుగా అన్నాడా మాట.

ప్రసన్నలక్ష్మి షెడ్డులోకి వెళ్లింది. డబ్బా తాళం తీసి గోడవతల పారేసింది. బల్ల మీద గుడ్డ పరిచి, ఆయన అంచులు అద్దే అచ్చు తుడిచి పెట్టింది. వచ్చి కుర్చీ ముందు నిలబడింది.

"రండి. ఒక్క అంచు వేసిపెట్టండి."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ముందుకి వంగాడు. ఆమె చెయ్యి దానంతటదే లేచింది. దాన్ని వెనక్కి తీసుకుని కొంగులో చుట్టేసుకుంది. ఆయన వెనక్కి పడ్డాడు. ఉమాశంకర్ ముందుకి రాబోతే మోచేత్తో ఆపింది.

"లేస్తారు," అంది.

కుర్చీ చేతులు పట్టుకుని, కాళ్లు వణుకుతుండగా ఆయన లేచాడు. షెడ్డు దాకా తనే నడిచాడు. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయి కళ్లు మూసుకుంది.

అచ్చు మీద పిడికిలి పడింది. ఆమె ఊపిరి బిగబట్టింది.

రెండో గుద్దు వినిపించింది.

అప్పుడు ఏడ్చింది ప్రసన్నలక్ష్మి, గుమ్మం పట్టుకుని, చిన్నపిల్లలా.

"అంచు వంకరొచ్చిందే," అన్నాడాయన లోపల్నుంచి.

"రానివ్వండి," అంది. "ఆపకండి."