పోడు చేనులో మనుషులు

బొమ్మలు వేయడం నేర్చుకోవాలని సుమకు చిన్నప్పటి నుంచీ ఆశ. గూడూరులో డ్రాయింగ్ టీచర్‌గా చేసి రిటైరైన ఉప్పలమ్మ దగ్గరికి ఆదివారాలు వెళ్లేది. ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. ఉప్పలమ్మ, చనిపోయిన తన భర్త సాంసన్ వేసిన పెద్ద బొమ్మను గోడ మీంచి దించి, చూసి వెయ్యమని ఎదురుగా పెట్టింది. కొత్తగూడ అడవిలో పోడు చేను. కాలుతున్న మోళ్లు, ఎర్రటి ఆకాశం, నడుమ వంగి పనిచేస్తున్న మనుషులు.

"ఉన్నదున్నట్టు దించకు బిడ్డా. ఆయన చెయ్యి ఎంత కోపంగ తిరిగిందో నీ చెయ్యి గూడ గట్లనే తిరగాలె," అంది.

సుమ తన కాన్వాసు మీద ఆకాశాన్ని బరబరా రుద్దింది. పొగను వేలితో పులిమింది. మనుషుల దగ్గరికొచ్చాక కుంచె ఆగింది. దూరం నుంచి కట్టెలు కొడుతున్నట్టే ఉంది. ఒక్కో గీతా దించుతుంటే తెలిసింది... గొడ్డళ్ల కింద ఉన్నది మొద్దు కాదు. మనిషి.

"టీచర్... వీళ్లు ఎవర్నో నరుకుతున్నరు."

ఉప్పలమ్మ గొంతు తగ్గించింది. "ఆయన కండ్లార చూసిండు. ఎవరన్నది చెప్పకుండనే పోయిండు. పడ్డోని ముఖం మాత్రం గియ్యకు."

కుంచె అప్పటికే తిరుగుతోంది. సుమ ఆపలేకపోయింది. కుంచె నుంచి వేళ్లు విడలేదు. గుండ్రటి నుదురు, లోతు కళ్లు... అది ఉప్పలమ్మ ముఖం.

పచ్చికట్టె కాలుతున్న వాసన. పెరట్లో ధన్... ధన్... ఆ చప్పుడు వంటింట్లోకి వచ్చింది. గడప దాటింది.

కుంచె ఎర్రగా ఒక్క గీత కిందికి లాగింది.

ఉప్పలమ్మ భుజం చీలింది. ఎముక తెల్లగా కనపడింది. నెత్తురు బొమ్మ మీద చిమ్మింది. గదిలో మూడో మనిషి లేడు. ఇంకో దెబ్బ. ముంజెయ్యి వేలాడింది.

"గీకెయ్యి..." అని గొణుగుతూ ఒరిగిపోయింది.

సుమ ఎడమచేత్తో రంగులు కలిపే కత్తి అందుకుంది. తన బొమ్మలో గొడ్డళ్లు పట్టినవాళ్లందరినీ కాన్వాసు దారాలు తేలేదాకా గీకేసింది. చప్పుడు ఆగింది. బొమ్మలో పడ్డ మనిషి తప్ప చేను ఖాళీగా ఉంది.

ఆటోలో మహబూబాబాద్ దవాఖానకు వాళ్లిద్దరే వచ్చారు. దారంతా సుమ తువ్వాలుతో ఆ భుజాన్ని అదిమి పట్టుకుంది. ఉప్పలమ్మను లోపలికి తీసుకెళ్లారు. ప్రాణానికి ఫర్వాలేదన్నారు. సుమ బల్ల మీద కూలబడి అప్పుడు ఏడ్చింది.

గేటు దగ్గరి వాచ్‌మన్ వచ్చి వంగి, మెల్లగా అన్నాడు.

"అక్కా, మీ వెంట వచ్చినోళ్లకు జర చెప్పు. గొడ్డళ్లు బయట పెట్టమంటే ఇంటలేరు."